శాతం గడిలో దాగిన సంఖ్య

గోదావరిఖని పరిసరాల్లో ఏటా లాభాల వాటా ప్రకటన వెలువడే వేళకు కార్మిక కుటుంబాలన్నీ ఎదురుచూసేది ఒక శాతం కోసమే. 2023-24లో సింగరేణి బొగ్గు గనుల సంస్థ ఆర్జించిన 4,701 కోట్ల రూపాయల నికర లాభంలో 2,289 కోట్లను విస్తరణ పనులకు కేటాయించి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతాన్ని, అంటే 796 కోట్లను, కార్మికులకు పంచాలని నిర్ణయించారు. ఇలాంటి లెక్కలు నేడు ఎక్కువగా ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్‌లలోనే జరుగుతున్నందున, అందులో శాతం ఎలా నిల్వ ఉంటుందో తెలుసుకోవడం అకౌంట్స్ గుమస్తాకే కాదు, యూనియన్ కార్యకర్తకూ అవసరమే.

తెరపై 33% అని కనిపించే గడిలో నిజానికి ఉండేది 0.33 మాత్రమే, శాతం ఫార్మాట్ అన్నది ఆ విలువను వందరెట్లు చేసి, పక్కన గుర్తు తగిలించి చూపే వేషం. ఖాళీ గడికి ముందే ఈ ఫార్మాట్ ఇచ్చి 33 అని టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని 33 శాతంగానే స్వీకరిస్తుంది. అదే 33 మామూలు గడిలో ఉండగా తర్వాత శాతం బటన్ నొక్కితే అది 3300% అయి, 2,412 కోట్లలో వాటా 79,596 కోట్లుగా తేలుతుంది. శాతం ఫార్మాట్ ఉన్న గడిలోనైనా =33 అని సూత్రంగా రాస్తే ఫలితం 3300 శాతమే.

ఒకటి కంటే తక్కువ సంఖ్యల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మైక్రోసాఫ్ట్ వివరణ ప్రకారం శాతం గడిలో 10 అని టైపు చేసినా 0.1 అని టైపు చేసినా ఫలితం 10 శాతమే కాబట్టి, అర శాతం ఉద్దేశించి 0.5 అని కొట్టినవారు గడిలో ఏం నిలిచిందో చూసుకోక తప్పదు. ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో ఆటోమేటిక్ పర్సెంట్ ఎంట్రీని తొలగిస్తే, ఒకటికి మించిన సంఖ్యలు కూడా వందరెట్లవుతాయి. అందువల్ల 0.5% అని గుర్తుతో సహా టైపు చేయడమే అన్ని విధాలా క్షేమం.

వందరెట్ల తప్పు ఎవరి కంటికైనా ఆనుతుంది గాని, దశాంశాలు దాచే తప్పు అలా దొరకదు. శాతం బటన్ మామూలుగా దశాంశాలు చూపదు కనుక 0.334 కూడా 33% గానే కనిపిస్తుంది. 2,412 కోట్ల మీద ఆ తేడా దాదాపు 9.65 కోట్లు. ఇక శాతం గడిని సూత్రంలో వాడుతూ అలవాటుగా మళ్లీ వందతో భాగిస్తే వాటా 7.96 కోట్లకు కుదించుకుపోతుంది.

కాబట్టి పదిమందికి పంచే ఏ షీట్‌లోనైనా శాతాన్ని ప్రత్యేక గడిలో, పేరు రాసి, రెండు దశాంశాలతో చూపడం నియమం కావాలి. ప్రకటించిన శాతాన్ని తెలుసుకునే కార్మికుడికి, అది రూపాయలుగా మారిన తీరును సరిచూసుకునే వీలు కూడా ఉండాలి. ఆ వీలు కల్పించడం లెక్క వేసేవారి బాధ్యత.