చదవలేని కాగితం మీద వేలిముద్ర

మన తాతముత్తాతల కాలంలో వడ్డీ వ్యాపారి చదువురాని రైతు చేత ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అందులో ఏం రాసి ఉందో ఆ రైతుకు తెలిసేది కాదు. దాన్ని మనం ఈనాడు మోసం అంటున్నాం. మరి మనం చేస్తున్నదేమిటి? ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది. ఆ జబ్బు పేరు ఫోన్‌లో కొట్టి ఏదో ఒక వైద్య పరిశోధన వెబ్‌సైటు తెరుస్తాం. కింద నాలుగు వరుసల ఇంగ్లీషు వస్తుంది. పక్కనే ఒప్పుకుంటున్నానని చెప్పే పెద్ద బటన్. చదవం, నొక్కేస్తాం. పదో తరగతి చదివినా అదీ వేలిముద్రే!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జబ్బుల గురించి చెప్పే వెబ్‌సైటు ఏదైనా సరే, చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర ఏ వివరాలు తీసుకుంటోందో వాళ్ల భాషలో, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. అలా చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు.

అసలు ఏం తీసుకుంటారు? మనం ఏ వెబ్‌సైటు తెరిచినా మన ఐపీ అడ్రసు, వచ్చిన సమయం, చూసిన పేజీ దాని సర్వర్‌లో నమోదవుతాయి. ఇందులో తప్పేమీ లేదు. సైటు నడవడానికి, దాడులను పట్టుకోవడానికి అవి కావాలి. మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి కుకీ అనే చిన్న గుర్తును మన ఫోన్‌లో ఉంచుతారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. చాలా సైట్లలో ప్రకటనల కంపెనీల కోడ్ కూడా ఉంటుంది. దానివల్ల మనం ఏ పేజీ చూశామో ఆ కంపెనీలకూ తెలుస్తుంది. చెప్పుల కోసం వెతికితే చెప్పుల ప్రకటనలు వస్తాయి, నవ్వుకుంటాం. మూర్ఛ, క్షయ, గర్భం, మనోవ్యాధి గురించి వెతికితే? చాలా ఇళ్లలో అందరికీ కలిపి ఒకటే ఫోన్. అక్క రాత్రి వెతికినదానికి సంబంధించిన ప్రకటన పొద్దున మామయ్య చేతిలో కనబడొచ్చు. మన ఊళ్లలో పెళ్లి సంబంధం తప్పిపోవడానికి ఆ ఒక్క ముక్క చాలదా?

"ఇదంతా ఉత్త భయం" అనేవాళ్లు ఒక సంగతి వినాలి. అమెరికాలో మందులు చవకగా దొరికే చోట్లు చూపించే గుడ్‌ఆర్‌ఎక్స్ అనే సంస్థ ఉంది. వాడుకదారుల మందుల, జబ్బుల వివరాలను వాళ్లకు చెప్పకుండా ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. తప్పు ఒప్పుకోకపోయినా, 2023లో ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది.

"మాకు దాచుకోవాల్సింది ఏముంది?" అని పెద్దవాళ్లు అడుగుతారు. డాక్టరుగారి గదికి తలుపు ఎందుకుంది? లోపలికి వెళ్లినవాళ్లు తప్పు చేశారనా? కాదు, అది మర్యాద. ఆ మర్యాదకు చట్టబలం కూడా ఉంది. మన హోసూరుకు పక్కనే ఉన్న కర్ణాటకలో హైకోర్టు జడ్జిగా చేసి రిటైరైన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులోనే, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది.

తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో మనకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. ఒకటి: ఒప్పుకోలు అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ 22లో తెలుగు ఉంది. రెండు: 18 ఏళ్లు నిండనివారిని వెంబడించి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదు. కొన్ని మినహాయింపులున్నా అసలు నియమం ఇదే. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

మొదటి మాట మనలాంటివాళ్లకు మరీ ముఖ్యం. ఆఫీసుల్లో తెలుగు రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. ఈ హక్కు అలా ఆగదు. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా తెలుగు నోటీసు అడగొచ్చు. మాతృభాషలో చదువు మన హక్కు అని పోరాడేవాళ్లం, మన ఒంటి సంగతుల దగ్గర మాత్రం రాని భాషకు తల ఊపడం ఏం న్యాయం?

"తెలుగులో పెట్టినా ఎవరు చదువుతారు?" అని ఇంకో వాదన. కోర్టు భాషలో 20 పేజీలు పెడితే నిజంగానే ఎవరూ చదవరు. ఏం తీసుకుంటారు, ఎందుకు, ఎవరికిస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, వద్దంటే ఎలా చెరిపించుకోవాలి. ఈ ఐదింటికి ఐదు వాక్యాల్లో జవాబు రాయమనండి. మా అమ్మ కూడా చదువుతుంది. "పరిశోధన కోసమే కదా" అని కూడా అంటారు. పరిశోధనకు రక్తం ఇచ్చినవారు వేరు, చదువుకోవడానికి వచ్చినవారు వేరు. చదివేవాణ్ణి చెప్పకుండా పరీక్షకు పెట్టకూడదు.

అయితే హక్కు అడిగేవాళ్లకు బాధ్యత కూడా ఉండాలి. పరిశోధన సైట్లలో పేర్లు తీసేసిన రోగుల వివరాలు కొన్నిసార్లు ఉంటాయి. వాటిని చూసి "ఇది ఫలానావాళ్లే" అని పట్టుకోవాలని చూడడం తప్పు. అది ఎంత సులువో 1990లలో లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని చూపించింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు తీసి పరిశోధకులకు ఇచ్చారు. ఆమె 20 డాలర్లకు ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్న మూడింటితో పోల్చి, ఏకంగా గవర్నరు విలియం వెల్డ్ వివరాలనే గుర్తుపట్టింది. హెచ్చరించడానికి ఆమె చేసింది. చాడీలకు మనం చేస్తే పాపం. అలాగే పరిశోధన ఫలితంలో ఒక ముక్క కత్తిరించి "ఇది తింటే షుగరు పోతుంది" అని వాట్సాప్‌లో పంపడం కూడా దుర్వినియోగమే.

అమ్మానాన్నలారా, ఆ బటన్ నొక్కేముందు "అవసరమైనవి మాత్రమే", "వద్దు" అనేవి ఉన్నాయేమో చూడండి. ఉత్తగా చదువుకోవడానికి పేరు, ఫోన్ నంబరు అడిగితే ఇవ్వకండి. కంప్యూటరు టీచర్లకు ఒక మనవి: ఒక పీరియడ్ ఈ నోటీసులు చదివించండి. తోటి విద్యార్థులారా, తెలుగు నోటీసు లేని సైటుకు తెలుగులోనే ఉత్తరం రాద్దాం. ఒకరు రాస్తే పక్కన పడేస్తారు. బడి మొత్తం రాస్తే జవాబు చెప్పక తప్పదు.

- పదో తరగతి విద్యార్థిని