అగ్నిగోళం ఒక్కటే చాలునా?

మా వసతిగృహంలో ఆదివారం సాయంకాలాలు కొందరు విద్యార్థులు బల్లచుట్టూ చేరి, గళ్ళ కాగితం పరచి, రకరకాల ముఖాలున్న పాచికలు దొర్లించడం చూచి, ఇదేదో జూదమని శంకించిన పెద్దలున్నారు. ఆ శంక సహజమే. పాచికల పేరు మన దేశంలో ఏనాడో చెడింది. కాని ఇందులో పందెం లేదు. పైసా చేతులు మారదు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచిక తీర్పు చెబుతుంది. పలువురిపై ఒకేసారి పనిచేసే మంత్రాలలో మాంత్రికుడు దేనిని ఎన్నుకోవాలి అనే ఒక్క ప్రశ్నను గూర్చి మాత్రమే ఇక్కడ నా అభిప్రాయం విన్నవించుకుంటాను.

ఆడేవారిలో అధిక సంఖ్యాకులు ఈ ప్రశ్నకు ఆలోచించకుండా చెప్పే సమాధానం ‘ఫైర్‌బాల్’, అనగా అగ్నిగోళం. దీనికి పోటీగా ‘లైట్నింగ్ బోల్ట్’ అనే పిడుగును పేర్కొంటారు. ఈ రెండింటి పుట్టుక తెలిస్తే వాటి స్వభావం బోధపడుతుంది. 1971లో వచ్చిన ‘చైన్‌మెయిల్’ అనే యుద్ధక్రీడా నియమావళిలోనే మాంత్రికునికి ఇవి రెండూ ఉన్నాయి. గోళం పడే వైశాల్యాన్ని పెద్ద కాటాపుల్టు రాతిదెబ్బతోను, పిడుగును బరువైన ఫిరంగితోను సమానం చేశారు. అంటే ఇవి మొదటినుండి సేనలపై ప్రయోగించే ఫిరంగులే. గదిలో, నడవలో, స్నేహితుని భుజం ప్రక్కనుండి ప్రయోగించడానికి పుట్టినవి కావు. 1978 నాటి నియమాలలో ఇరుకు గదిలో వేసిన గోళం తన 33,000 ఘనపుటడుగుల పరిమాణం నిండేదాకా నడవల వెంట విస్తరించేది. పిడుగు గోడకు తగిలి వెనుకకు మళ్ళేది. అనుభవం లేని మాంత్రికులు ఎందరు తమ మంటలో తామే కాలిపోయారో ఊహించవచ్చు.

2014 నియమాలు కొంత దయ చూపాయి. ఇప్పుడు గోళం 20 అడుగుల వ్యాసార్ధంతో ఆగిపోతుంది. పిడుగు 100 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గీతగా సాగుతుంది. రెండింటి దెబ్బా ఒక్కటే, ఆరుముఖాల పాచికలు ఎనిమిది, సగటున 28. చురుకుగా తప్పుకున్నవానికి సగం. గోళం నేలమీద ఆక్రమించే స్థలం దాదాపు 1,256 చదరపుటడుగులు, పిడుగుది 500. ఈ అంకెలు చూపి గోళమే గొప్పదని వాదిస్తారు. శత్రువులు వరుసకట్టి నిలిచిన నడవలోనైతే మిత్రులను ప్రక్కకు తప్పించి గీత గీయవచ్చునన్న సంగతి ఆ వాదంలో కనబడదు.

అసలు చిక్కు వైశాల్యంలో లేదు. ఐదవ స్థాయి మాంత్రికునికి దినానికి ఈ తరగతి ప్రయోగాలు రెండే. (కొద్దిపాటి విశ్రాంతితో ఒకటి తిరిగి రాబట్టుకోవచ్చు, అదీ ఒక్కసారే.) 2014 నియమాలలో గోబ్లిన్ ప్రాణబలం 7. అది తప్పుకున్నా సగటు సగం 14 గనుక చచ్చినట్లే. ఇది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం. ఆ నియమాలలోనే ఓగర్ అనే రాక్షసుని ప్రాణబలమో 59. రెండు గోళాలూ పూర్తిగా తగిలినా సగటున 56. అనగా మాంత్రికుడు తన సర్వస్వం వెచ్చించిన పిమ్మట కూడా ఆ రాక్షసుడు మూడు ప్రాణాలతో నిలబడి, మునుపటి బలంతోనే దుడ్డుకర్ర ఎత్తుతాడు. ఈ ఆటలో గాయపడినవాడు బలహీనుడు కాడు; పడిపోయినప్పుడే ఆగుతాడు. ఈ ఒక్క నియమాన్ని మరచి మంట పొడవునూ వెడల్పునూ కొలిచేవారు లెక్క తప్పినట్లే.

నా మాట అనుభవం లేనిది కాదు. నిరుడు ఒక ఆటలో నలుగురు ఓగర్లు మమ్ములను చుట్టుముట్టారు. మా మిత్రుడొకడు ఏడాదిగా పెంచుకొన్న దొంగ పాత్ర వారి నడుమ చిక్కుకొంది. దాని ప్రాణబలం అప్పటికి 11. నేను గళ్ళు లెక్కించి, ‘తప్పుకుంటాడులే’ అని గోళం వేశాను. పాచికల మొత్తం 31 వచ్చింది. అతడు నిజంగానే తప్పుకున్నాడు. అయినా 15 తగిలింది. తరువాత అతని పాచికలు వరుసగా మూడు మార్లు విఫలమయ్యాయి. ఓగర్లు ఒక్కటీ పడలేదు. మిత్రుడు ఏమీ అనలేదు. తన కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు. నాలుగు వారాలు బల్ల వద్దకు రాలేదు.

ఆనాడు నా వద్ద ‘హిప్నాటిక్ పాటర్న్’ కూడా సిద్ధంగా ఉంది. ముప్పది అడుగుల ఘనంలో రంగులు త్రిప్పి, చూచినవారిని ఒక నిమిషం పాటు, అనగా పది విడతలు, స్తబ్ధులను చేసే మంత్రం అది. మనోబలం తక్కువైన ఓగర్లకు దానిని తట్టుకోవడం కష్టం. మిత్రుడు కూడా స్తబ్ధుడయ్యేవాడు, కాదనను. కాని మరొకడు కుదిపితే లేచేవాడు. అంతకంటె చవుకగా, క్రింది తరగతి ప్రయోగంతోనే, ‘వెబ్’ అనే సాలెగూడు అల్లి దారి కట్టివేయవచ్చు. నిప్పు తగిలితే అది అంటుకుంటుంది గనుక దివిటీ పట్టినవానిని ముందుగా హెచ్చరించాలి.

వీటికీ లోపాలున్నాయి. మాంత్రికునికి దెబ్బ తగిలి ఏకాగ్రత చెదిరితే మాయ తొలగిపోతుంది. గోలెముల వంటివి మోహానికి లొంగవు. అయితే ఎర్ర డ్రాగన్‌కు, నరకవాసులైన డెవిల్స్‌కు మంట తగలదు గదా! ఇట్టి ప్రయోగాలలో ప్రత్యేక శిక్షణ పొందిన ‘ఇవోకర్’ అయితే గోళంలో చిక్కిన నలుగురు మిత్రులను మినహాయించగలడు. అట్టివాడు నిస్సంకోచంగా గోళం వేయవచ్చు. తక్కినవారు మాత్రం పుస్తకంలో గోళానికి ముందు మాయకు చోటివ్వాలని నా అభిప్రాయం.

ఐదవ వారం మిత్రుడు తిరిగి వచ్చాడు. ఈసారి అతనిది వైద్యం తెలిసిన పురోహిత పాత్ర. యుద్ధం మొదలుకాగానే వచ్చి నా మాంత్రికుని ప్రక్క గడిలోనే నిలబడతాడు. కారణమడిగితే, గోళం పడని చోటు గళ్ళ కాగితం మొత్తంమీద అదొక్కటేనట.