ఒకే జీమెయిల్, ఆఫీసంతా లాగిన్: ఈ అలవాటు ఇక మానాలి

ఫోన్ కొనే ముందు ప్రాసెసర్ ఏంటి, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు అని పది రివ్యూలు చూసే మనం, ఆఫీసు మెయిల్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక జీమెయిల్ ఉందిగా, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పెట్టేయ్" అంటాం. ఆడిటర్ ఆఫీసు, ట్రావెల్స్, కోచింగ్ సెంటర్, ల్యాబ్... నేను చూసిన చిన్న ఆఫీసుల్లో చాలావరకు ఇదే సీన్. ఒక అకౌంట్, ఐదారుగురు మనుషులు, ఒకటే పాస్‌వర్డ్.

ముందే చెప్తున్నా, మెయిల్స్ అన్నీ ఒకేచోటికి రావడం తప్పు కాదు. కస్టమర్‌కి ఒకే అడ్రస్ గుర్తుంటుంది, ఒకరు సెలవు పెట్టినా పని ఆగదు, ఖర్చు కూడా సున్నా. నా అభ్యంతరమంతా దాన్ని నడిపే పద్ధతి మీదే.

అసలు ఈ ఐడియా కొత్తదేం కాదు. డయలప్ రోజుల్లో కొన్ని ఆఫీసులు బయట ఒకే మెయిల్‌బాక్స్ తీసుకుని, ఫెచ్‌మెయిల్ లాంటి ప్రోగ్రామ్‌తో అందులోని మెయిల్స్ దింపుకుని, లోపల ఎవరివి వాళ్లకి పంచేవి. అక్కడో చిక్కుండేది. మెయిల్ నిజంగా ఎవరికి వచ్చిందో చెప్పే సమాచారం, మనకి కనిపించే "టు" లైన్ రెండూ ఒకటి కాదు. బీసీసీలో వచ్చిన మెయిల్‌లో మన పేరే ఉండదు. అందరివీ ఒకే డబ్బాలో పడితే ఏది ఎవరిదో తేల్చడం కష్టమయ్యేది. ఇప్పుడు ఆ పంచే ప్రోగ్రామ్ కూడా లేదు. ఎవరు ముందు ఓపెన్ చేస్తే వాళ్లదే! ఒకరు చదివేశాక మిగతావాళ్లకి అది పాత మెయిల్‌లా కనిపిస్తుంది. "నువ్వు రిప్లై ఇచ్చావనుకున్నా" అనే మాట పుట్టేది ఇక్కడే.

ఆ అకౌంట్‌ని స్టాఫ్ ఫోన్లలో యాడ్ చేస్తే కథ ఇంకా ముదురుతుంది. ఉచిత గూగుల్ అకౌంట్‌కి వచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపే. 2021 జూన్ 1 నుంచి ఫోటోస్‌లో కొత్త బ్యాకప్‌లూ ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఒక్కరి ఫోన్లో పెళ్లి వీడియోలు ఆ అకౌంట్‌కి బ్యాకప్ అయితే చాలు, స్టోరేజ్ నిండి ఆఫీసుకి మెయిల్స్ రావడమే ఆగిపోతుంది. పంపడానికీ హద్దుంది. రోజుకి 500 దాటితే గంట నుంచి 24 గంటల వరకు పంపనివ్వదు. ఒకరు పండగ ఆఫర్ మెయిల్ అందరికీ కొడితే, పక్క సీట్లో ఇన్‌వాయిస్ పంపాల్సినవాళ్లు కూడా కూర్చుని చూడాల్సిందే.

వీటన్నిటికన్నా పెద్ద సమస్య జవాబుదారీతనం. మెయిల్ డిలీట్ అయింది, ఎవరు చేశారు? జీమెయిల్‌లో ఇటీవలి లాగిన్లు చూపించే పేజీ ఉంది కానీ, ఆఫీసులో అందరూ ఒకే వైఫై మీద ఉంటే అందరికీ ఒకే ఐపీ కనిపిస్తుంది. రికవరీ నంబర్ ఉద్యోగం మానేసిన మనిషిది అయితే? బ్యాంకు, జీఎస్టీ లాంటివాటి మెయిల్స్ కూడా ఆ ఇన్‌బాక్స్‌కే వస్తుంటే ఆఫీసు తాళం చెవి బయటి మనిషి జేబులో ఉన్నట్టే. కస్టమర్ల పాన్ కార్డులు, ల్యాబ్ రిపోర్టులు అందులోనే ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం తర్వాత కూడా వాటిని ఇలా వదిలేయడం సరికాదు.

మరి ఏం చేయాలి? డబ్బు పెట్టకుండానే మొదలుపెట్టొచ్చు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో డెలిగేషన్ ఉంది. మామూలు అకౌంట్‌కి కూడా పది మంది వరకు యాక్సెస్ ఇవ్వొచ్చు. ఎవరి సొంత లాగిన్‌తో వాళ్లు వచ్చి ఆఫీసు మెయిల్ చదువుతారు, రిప్లై ఇస్తారు. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు. పంపినవాళ్ల అడ్రస్ కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. మనిషి మానేస్తే ఆ పేరు తీసేస్తే సరిపోతుంది. అడ్రస్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి బిల్లింగ్, సపోర్ట్ అని చేర్చి ఇస్తే, ఫిల్టర్ పెట్టి లేబుల్స్‌గా విడగొట్టొచ్చు. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తు ఒప్పుకోవు, అదొక్కటే ఇబ్బంది.

కాస్త ఖర్చు పెట్టగలిగితే సొంత డొమైన్ తీసుకోవడమే నా ఓటు. రేపు గూగుల్ వదిలి జోహోకి వెళ్లినా అడ్రస్ మారదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు మాత్రం సరిగ్గా పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగానే ఉంది, లేకపోతే మన మెయిల్ స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ.

నాన్న షాపులోనో, బాబాయి ఆఫీసులోనో "ఈ మెయిల్ కాస్త సెట్ చేయరా" అని అడిగేది మనల్నే. ఈసారి పాస్‌వర్డ్ టైప్ చేసి ఫోన్ చేతికిచ్చేయకండి. డెలిగేషన్ పెట్టండి, రికవరీ నంబర్ ఓనర్‌దేనా చూడండి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అరగంట పని.