తాత గొంగడి, నా సాక్సులు

మా తాత గొంగడి ఉతగ్గా నేనెప్పుడూ చూళ్లేదు. ఎండలో దులిపి ఆరేసేవాడంతే. ఆఫీసు ఏసీకి తట్టుకోలేక ఉన్ని సాక్సులు కొన్నాక ఆ కిటుకేంటో తెలిసింది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకుంటుంది, కంపునీ తొందరగా బయటపెట్టదు. రెండ్రోజులు వేసుకున్నా ఎవరూ ముక్కు మూసుకోలేదు (రూమ్మేటే సాక్షి!). ఉతుకు తగ్గితే నీళ్లు, కరెంటు మిగిలినట్టే కదా.

పాలిస్టర్ సాక్సులు ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలి మురుగునీళ్లలో కలుస్తాయి. ఉన్నీ రాలుతుంది గానీ, అది మన జుట్టులాంటి కెరాటినే, మట్టిలో కలిసిపోతుంది. అలాగని డజను జతలు కొనేయకండి, గొర్రెలూ మీథేన్ వదులుతాయి. నాకు రెండు జతలు చాలు. చిరిగితే సూదీ దారం ఉన్నాయి. కొనేముందు లేబుల్ మాత్రం చదవండి. నేను ఇంటికొచ్చాక చదివాను: నా ‘ఉన్ని’లో సగం నైలానే!