రీఫ్‌కు కాపలా ఎవరు? చెరువుకు కాపలా ఎవరు?

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు వేటకు పోకూడదు. మన కర్ణాటక తీరంలో ఆ గడువు జూన్ 1 నుంచి జులై 31 వరకు. రెండు చోట్లా లెక్క 61 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెరిగింది. ఇది అందరికీ తెలిసిన వార్తే. మిగతా పది నెలలు సముద్రాన్ని ఎవరు కాపాడాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు మరింత ముఖ్యమైంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీర రాష్ట్రాల్లో కృత్రిమ రీఫ్‌లు ఏర్పాటు చేస్తున్నారు. రీఫ్ అంటే సముద్రం అడుగున పగడాలతోనో రాళ్లతోనో ఏర్పడిన దిబ్బ. దాని సందుల్లో చేపలు దాక్కుంటాయి, మేత వెతుక్కుంటాయి, పెరుగుతాయి. అలాంటిది లేని చోట కాంక్రీటు దిమ్మెలు ముంచి చేపలకు నీడ కల్పించడమే ఈ పథకం. మంచి పనే. అయితే చేపలు ఒకచోట చేరితే పట్టుకోవడమూ సులువవుతుంది. కాపలా లేకపోతే చేపలను పోగుచేసి వలకు అప్పగించినట్లే.

కాపలా ఎవరు కాయాలో తెలుసుకోవడానికి ఫిలిప్పీన్స్‌లోని రెండు చిన్న దీవుల కథ పనికొస్తుంది. సుమిలాన్ దీవి దగ్గర 1974లో సిల్లిమాన్ విశ్వవిద్యాలయం చొరవతో రీఫ్‌లో సుమారు నాలుగో వంతు భాగంలో వేట ఆపారు. పక్కనున్న భాగంలో జాలరులకు చేపలు బాగా పడ్డాయి. స్థానిక రాజకీయాలు మారి 1984లో కాపలా తెగిపోయింది. మూసిన భాగంలోకీ వలలు వచ్చాయి. వేటకు చోటు పెరిగింది కాబట్టి చేపలూ పెరగాలి కదా? జరిగింది వేరు. రెండేళ్లలో మొత్తం రాబడి దాదాపు సగానికి పడిపోయింది.

ఆపో దీవిలో దారి వేరు. అదే విశ్వవిద్యాలయంలోని ఏంజెల్ అల్కాలా బృందం అక్కడి జాలరులతో ఏళ్ల తరబడి మాట్లాడింది. 1980ల తొలి సంవత్సరాల్లో ఊరివాళ్లే రీఫ్‌లో ఒక చిన్న ముక్కను వేటకు మూసేశారు. ఎక్కడ మూయాలో వాళ్లే చెప్పారు, కాపలా వాళ్లే కాశారు. ఏళ్లు గడిచేకొద్దీ మూసిన చోట చేపలు పెరిగి, చుట్టుపక్కల వేటకూ అందాయి. అల్కాలాకు 1992లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అయితే 2011, 2012 తుఫాన్లు ఆ రీఫ్‌లోని పగడాలను బాగా దెబ్బతీశాయి. కట్టుబాటు గాలివానను ఆపలేదు. మనిషి చేసే నష్టాన్ని ఆపగలదు, అంతే.

మన దేశంలో పద్ధతి ఎక్కువగా పైనుంచి కిందికి. మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ 1986లో జాతీయ సముద్ర ఉద్యానాన్ని ప్రకటించారు. సముద్రపు నాచు ఏరుకుని బతికే ఆడవాళ్లకు అప్పటి నుంచి ఆ నీళ్లలో దిగడమే నేరమైంది. ఆ ఆడవాళ్లే తర్వాత సంఘంగా ఏర్పడి, నెలలో పన్నెండు రోజులే నాచు తీయాలని నియమం పెట్టుకున్నారు. అడిగి ఉంటే ముందే చెప్పేవారేమో!

చట్టంలోనూ ఒక చిక్కు ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రజలే కాపాడుకునే 'కమ్యూనిటీ రిజర్వు'కు వీలు కల్పించింది. కానీ అది సొంత భూమికీ, ఊరి ఉమ్మడి భూమికీ మాత్రమే. సముద్రం ప్రభుత్వానిది. కాబట్టి తరతరాలుగా అక్కడే బతికే జాలరుల ఊరికి ఈ తలుపు తెరుచుకోదు. నియమం ఎవరిదో తేలనప్పుడు ఏమవుతుందో 2022 జనవరిలో విశాఖ చూసింది. రింగు వలల విషయంలో జాలరుల మధ్యే గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి.

అందుకే మా అభిప్రాయం ఇది. రీఫ్‌లోని దిమ్మెలకు డబ్బు మంజూరు చేసినప్పుడే, ఆ చుట్టూ వేట నియమాలు పెట్టే అధికారాన్ని కూడా దగ్గరి జాలరుల ఊళ్లకు రాసివ్వాలి. మూసిన చోటు వల్ల ముందుగా పస్తుండేది వాళ్లే. లాభంలో మొదటి వాటా కూడా వాళ్లదే అయితేనే కాపలా నిలుస్తుంది.

సముద్రం చూడని పావగడ పిల్లలకు ఇదంతా ఎందుకని తల్లిదండ్రులు అడగవచ్చు. ఇది మన చెరువు కథ కూడా కాబట్టి. ఒకప్పుడు తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో నీరుగంటి చూసేవాడు. కళ్లంలో అతనికి గింజల రూపంలో కూలి ముట్టేది. పై మడికైనా చివరి మడికైనా వంతు వంతే. బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవి అయ్యాయి. వంతు పోయింది, నీరుగంటి పోయాడు, చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. సుమిలాన్‌లో కాపలా తెగినట్లే ఇక్కడా తెగింది. బోరు లోతు పెరిగింది, నీళ్లు పెరగలేదు.

ఆ ఏర్పాటుతో పాటు మాటలూ పోతున్నాయి. మరవ, తూము, వంతు, నీరుగంటి: ఈ మాటలకు అర్థం మన పిల్లల్లో ఎంతమంది చెప్పగలరు? తెలుగు మాధ్యమం బడి ఈ సరిహద్దులో నిలవాలంటే ఇలాంటి మాటలకు పని కల్పించాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ ఊరి చెరువుకు ఒకప్పుడు ఏ నియమాలు ఉండేవో అవ్వతాతలను అడిగి తెలుగులో రాసుకురావచ్చు. నీళ్లు ఎవరు పంచేవారు, చేపలు ఎప్పుడు పట్టేవారు, తప్పు చేస్తే శిక్ష ఏమిటి అన్న మూడు ప్రశ్నలు చాలు. పిల్లలు తెచ్చిన జవాబులను బడిలోనే దాచకుండా గ్రామసభలో చదివించాలి. చెరువు చేపలకు వేలం పెట్టేముందు పంచాయతీ వాటిని వినాలని తల్లిదండ్రులే అడగాలి.