ఊరి పేరు ఎవరు రాయాలి?

పేరులో ఏముందిలే అంటారు కొందరు. ఏమీ లేకపోతే రాజ్యమేలేవాళ్లు ఊళ్ల పేర్ల జోలికి ఎందుకు పోతారు? ఐర్లండ్ సంగతి చూడండి.

డెరీ అంటే ఐరిష్‌లో ఓక్ చెట్ల తోపు. లండన్ వర్తక సంఘాలు డబ్బు పెట్టి అక్కడ వలసవాళ్లను దింపాయి. 1613లో రాజశాసనం ఆ పేరుకు 'లండన్' తగిలించింది. లండన్‌డెరీ! డబ్బు పెట్టినవాడి పేరు ముందు, నేల పేరు వెనక. 1821లో రాజు నాలుగో జార్జి డన్ లీరీ రేవులో ఓడెక్కి వెళ్లిపోయాడు. అంతే, ఆ ఊరు కింగ్స్‌టౌన్ అయి కూర్చుంది. పాత పేరు తిరిగొచ్చేసరికి 1920 అయింది.

ఇవి పైకి కనపడే దెబ్బలు. కలంతో కొట్టిన దెబ్బ కనపడదు. 1824లో పన్నుల లెక్క కోసం సర్కారు భూమి సర్వే మొదలెట్టింది. 60 వేలకు పైగా పల్లె హద్దులు పటం ఎక్కాయి. జాన్ ఓ డోనవన్ అనే ఐరిష్ పండితుడు 1834 నుంచి ఊరూరా తిరిగి, జనాన్ని అడిగి, అసలు పేర్లు రాసిపెట్టాడు. ఆ మేలు మరవకూడదు. కానీ ఆ పేర్లు సర్వే పుస్తకాల్లోనే ఉండిపోయాయి. పటం మీద ఇంగ్లీషు రాతే అచ్చయింది. చర్చికి ఐరిష్‌లో ఒక మాట, అడవికి ఇంకో మాట. ఇంగ్లీషు రాతలో రెండూ 'కిల్' అయిపోయాయి. కిల్‌మోర్ అంటే పెద్ద చర్చా, పెద్ద అడవా? పటం చెప్పదు. ఐరిష్ మాట్లాడే ముసలోళ్లు పోయిన ఊళ్లో ఎవర్ని అడగాలి?

మరి పాత పేరు పెట్టేస్తే న్యాయం జరిగినట్టేనా? కాదు. ఐర్లండ్ సొంత సర్కారే 2004లో ఉత్తర్వు తెచ్చి, ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో ఇంగ్లీషు పేర్లకు చట్టంలో చోటు తీసేసింది. డింగిల్ అనే ఊరు 'అన్ డాంగన్' అయింది. ఊరోళ్లను అడిగిందెవరు? వాళ్లు ఊరుకోలేదు. 2006లో ఓటు వేసి, డింగిల్ పేరూ ఉండాలి, మా పూర్తి ఐరిష్ పేరూ ఉండాలి అన్నారు. చివరికి 2011లో చట్టమే దిగొచ్చింది.

పరాయి దొర రాసినా, సొంత దొర రాసినా, అడగకుండా రాస్తే అది పెత్తనమే. పాత పేర్లు వెతకాల్సిందే, వాటి అర్థం పిల్లలకు చెప్పాల్సిందే. కానీ బోర్డు మీద ఏం రాయాలో ఆ ఊళ్లో బతికేవాళ్లు తేల్చాలి. ముందు ఊరి ఓటు, ఆ తర్వాతే సర్కారు సంతకం.