కత్తెర ఎక్కడ ఆపాలి?

“పిట్ట ఎక్కడుందో చూపించినవాళ్లకు పది రూపాయలు ఇస్తాను” అంది మా ఆవిడ.

మా మేనల్లుడి ముఖం చిన్నబోయింది. పాపం, వాడు హైదరాబాదునుంచి కొత్త కెమేరా మెడలో వేసుకొని వచ్చి, తెల్లవారుజామున లేచి, తుంగభద్ర ఒడ్డున రెండు గంటలు నిలబడి తీసిన ఫోటో అది. తీరా చూస్తే బొమ్మనిండా ఇసుకే. నడుమ ఎక్కడో నువ్వుగింజంత పిట్ట.

ఈ బాధ వాడొక్కడిదే కాదు. జింకను చూశాం, కొంగను చూశాం, కెమేరా ఎక్కుపెట్టాం అనుకొంటాం. ఇంటికి వచ్చి చూసుకొంటే జింక లేదు, కొంగ లేదు, ఆకాశమూ పొదలూ మాత్రం దివ్యంగా పడి ఉంటాయి. అందుచేత ఈ వారం ఆ సంగతే వ్రాస్తున్నాను.

మా ఆలంపూరు వచ్చేవాళ్లు జోగులాంబ అమ్మవారిని దర్శించుకొని, చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మల గుళ్లు చూసుకొని వెళ్లిపోతారు. గుడి వెనుక ఏరు ఉన్నదనీ, ఎండాకాలంలో ఏరు సన్నబడి ఇసుకతిన్నెలు తేలుతాయనీ, ఆ తిన్నెల మీద ఒక జాతి పిట్టలు సంసారం పెడతాయనీ చాలామందికి తెలియదు. పసుపుపచ్చ ముక్కు, నెత్తిన నల్లటోపీ, చీలిన తోక. నీటి మీద వాలుగా ఎగురుతూ చేప కనబడగానే బాణంలా పడుతుంది. ఇంగ్లీషువాళ్లు రివర్ టెర్న్ అన్నారు. గూడు కట్టే ఓపిక దానికి లేదు. ఇసుకలో చిన్న గుంట చేసి రెండో మూడో గుడ్లు పెడుతుంది. గుడ్లు ఇసుకరంగులోనే ఉంటాయి. అదే వాటికి రక్షణ, అదే వాటికి గండం కూడాను.

ఆ ఉదయం మా మేనల్లుడు చెప్పులు చేతబట్టుకొని నీళ్లలోకి దిగబోయాడు. పుట్టి నడిపే పెద్దాయన కేక వేశాడు: “బాబూ, ఇంక ముందుకు పోవద్దు. గుడ్లున్నయి. నువ్వు పోతే తల్లి లేస్తది. తల్లి లేస్తే ఎండకు గుడ్లు ఉడికిపోతయి.”

వాడు ఆగిపోయాడు. అందుకే పిట్ట నువ్వుగింజంత అయింది.

“మరి ఏం చెయ్యను మామయ్యా?” అన్నాడు ఇంటికి వచ్చాక.

“కాళ్లతో దగ్గరికి వెళ్లకూడని చోటికి కత్తెరతో వెళ్లాలిరా” అన్నాను.

కత్తెర అంటే మా రోజుల మాట. ఫోటో తీసినవాడు చీకటిగదిలో బొమ్మను పెద్దది చేసి, నాలుగు అట్టముక్కలు దాని చుట్టూ అటూ ఇటూ జరిపి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నిర్ణయించుకొనేవాడు. ఇప్పుడు ఆ అట్టముక్కలు కంప్యూటరులోనూ, చేతిలోని ఫోనులోనూ ఉన్నాయి. క్రాప్ అంటారు. పని మాత్రం అదే.

అయితే కత్తెరకు ఖర్చు ఉన్నది. మా వాడి కెమేరాలో ఒక్కొక్క బొమ్మకు అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. మొత్తం 2 కోట్ల 40 లక్షలు. అడ్డం సగం, నిలువు సగం ఉంచుకొంటే మిగిలేది సగం కాదండీ, నాలుగో వంతు: 60 లక్షలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే పది అంగుళాల వెడల్పు బొమ్మ చక్కగా వస్తుంది. అడ్డం నిలువు రెండూ మూడో వంతుకు తెగ్గోస్తే మిగిలేది తొమ్మిదో వంతు. బొమ్మ ఏడంగుళాలు కూడా రాదు. అక్కడితో ఆగాలి. ఇంకా కోస్తే పిట్ట పెద్దదవుతుంది గాని, ఈకలు పోయి మచ్చలు మిగులుతాయి. ఫోనులో రెండు వేళ్లతో సాగదీసి ఫోటో తీసేవారు కూడా చాలావరకు ఈ కత్తెరే ముందుగా వేస్తున్నారని గ్రహించాలి. మామూలుగా తీసి, తరువాత తీరికగా కోసుకోవడం మేలు.

ఎక్కడ కొయ్యాలి? ముందు “ఈ బొమ్మ దేని గురించి?” అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. జవాబు ఒక్క మాటలో రావాలి. మా వాడు “తల్లి” అన్నాడు. అలాగైతే తల్లికి సంబంధం లేనివి పోవచ్చు. పిట్ట ఎటు చూస్తున్నదో అటు కాస్త చోటు వదలాలి. ముక్కు చట్రానికి ఆనుకొంటే గోడకేసి కొట్టుకొన్నట్లుంటుంది. పిట్టను సరిగ్గా నట్టనడుమ కూర్చోబెట్టకుండా కొంచెం పక్కకు జరిపితే బొమ్మకు ప్రాణం వస్తుంది. తోక కొసా, కాలి వేళ్లూ తెగకుండా చూడాలి. అన్నిటికన్నా ముందు నీటిగీత సమంగా ఉన్నదో లేదో చూడాలి. ఏరు ఒక పక్కకు ఒలికిపోతూ ఉంటే ఎంత అందమైన పిట్ట అయినా ఏం లాభం?

తరువాత వెలుతురు. ఈ పిట్ట పొట్ట తెల్లన, నెత్తి నల్లన. వెలుతురు పెంచితే పొట్ట సున్నం కొట్టినట్లవుతుంది, తగ్గిస్తే నెత్తిలో కన్ను కనబడకుండా పోతుంది. తెలుపు మరీ మించిపోయి ఈకల గీతలు ఒకసారి చెరిగిపోతే, తరువాత ఎంత తగ్గించినా బూడిదరంగు వస్తుంది గాని గీతలు రావు. అందుచేత తెల్లని పిట్టను తీసేటప్పుడే వెలుతురు ఒక పిసరు తక్కువగా తీసి, ఇంట్లో నీడభాగాలను మాత్రం కొద్దిగా పెంచుకోవాలి. పూర్వం చీకటిగదిలో దీపం కింద అరచెయ్యి అడ్డంపెట్టి చేసిన పనే ఇది. చివరగా, అన్నీ అయిన తరువాత, పదును. అది కూరలో ఉప్పులాంటిది. చాలలేదని తెలిస్తే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం. ఇంకొక మాట: అసలు బొమ్మను ఎన్నడూ చెరపవద్దు. నకలు తీసుకొని నకలు మీదనే ఈ ప్రయోగాలన్నీ చెయ్యాలి.

గంటలో మా వాడి పిట్ట అరచేతంత అయింది. కంట్లో మెరుపు కూడా కనబడింది. మా ఆవిడ పది రూపాయలూ ఇచ్చేసింది.

అసలు కథ అప్పుడు మొదలైంది. బొమ్మలో కింది మూల ఇసుక మీద ట్రాక్టరు చక్రాల జాడ ఒకటి పడింది. “ఇది వికారంగా ఉంది మామయ్యా” అంటూ మా వాడు ఫోను తీసి, వేలితో ఒక్కసారి రుద్దాడు. జాడ మాయం! దాని చోట మచ్చలేని ఇసుక.

“పోటీకి పంపుతాను” అన్నాడు సంబరంగా.

నాకు 2011లో స్వీడనులో జరిగిన సంగతి గుర్తుకు వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆ దేశపు ఉత్తమ ప్రకృతి ఛాయాగ్రాహకుడని పేరు పొందిన మనిషి, అడవిపిల్లి జాతి లింక్సు బొమ్మలను వేరేచోటినుంచి తెచ్చి తన ఫోటోలలో అతికించాడని బయటపడింది. జూలై నెలలో తీశానన్న జంతువు ఒంటిమీద చలికాలపు బొచ్చు ఉన్నదట! ఆయన ఒప్పుకోక తప్పలేదు. ఆ మాట చెప్పి మావాడికి నియమం కూడా చదివి వినిపించాను. ఫియాప్, అమెరికా ఫోటోగ్రాఫిక్ సొసైటీ, ఇంగ్లండు రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఈ మూడూ కలిసి 2015నుంచి ప్రకృతి ఫోటోలకు ఒకే నిర్వచనం పెట్టుకొన్నాయి. కొయ్యవచ్చు, వెలుతురు సరిచెయ్యవచ్చు, కెమేరావల్ల పడిన దుమ్ముమచ్చలు తియ్యవచ్చు. అక్కడ ఉన్నదాన్ని తీసివెయ్యరాదు, లేనిదాన్ని చేర్చరాదు.

“అయితే ఆ మూల కోసేస్తాను. కొయ్యడం తప్పు కాదుగా?” అన్నాడు.

తప్పు కాదు. నేనూ ఊరుకొన్నాను. మా ఆవిడే అసలు బొమ్మను మళ్లీ పెట్టించి, కళ్లజోడు సవరించుకొని చూసింది.

“ఆ జాడకూ పిట్టకూ ఎంత దూరం?”

ముగ్గురం లెక్కకట్టాం. పిట్ట పొడవును బట్టి చూస్తే రెండు మూడు బారలకు మించి లేదు.

“రేపు ఆ బండి కాస్త పక్కకు వస్తే?”

ఎవరం మాట్లాడలేదు.

మరునాడు మా వాడు రెండు బొమ్మలు అచ్చువేయించాడు. ఒకటి కోసినది, పోటీకి. రెండవది కొయ్యనిది, జాడతో సహా. ఆ రెండవదాన్ని పట్టుకొని పుట్టి పెద్దాయనతో కలిసి ట్రాక్టరు కుర్రవాడి దగ్గరికి వెళ్లాడు. ఆ కుర్రవాడు చాలాసేపు చూసి, “ఇది నా బండి జాడే. అక్కడ గుడ్లున్నయని నాకేం తెలుసు అన్నా?” అన్నాడట. నిజమే, ఇసుకరంగు గుడ్లు వాడికెలా కనబడతాయి?

వారంనాటికి బండిదారి ఇరవై గజాలు జరిగింది. ఇంకొక మూడు వారాలకు ఒడ్డునుంచే చూశాం. ఇసుకముద్దలాంటి పిల్ల ఒకటి తల్లి వెంట పరుగెత్తింది. తక్కిన గుడ్లు ఏమైనాయో తెలియదు.

పోటీలో మా వాడికి ఏమీ రాలేదు. ఆ బొమ్మ వాడి గదిలో ఉన్నది. కొయ్యని బొమ్మ మాత్రం మా హాల్లో, గడియారం కింద ఉన్నది. ఇంటికి వచ్చినవాళ్లు దానివంక చూచి “ఏముందండీ ఇందులో, అంతా ఇసుకేగా?” అంటారు.

మా ఆవిడ పర్సు తీసి, “పిట్ట ఎక్కడుందో చూపించండి, పది రూపాయలు ఇస్తాను” అంటుంది.